కడపంక్తి

వేళచ్చేరిలో రెండో అంతస్తు, బీరువా మీద పాత కంప్యూటరు.
మానిటరు లేదు, కీబోర్డు లేదు.
వేడికి పక్కమూత తీసేసి ఉంటుంది.
నేను వంటింట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లోంచి దానితో మాట్లాడతాను
నల్లతెర మీద, తెల్లక్షరాల్లో,
మర్యాదలు లేని భాషలో:
మొదలెట్టు. చూపించు. దాచు. ఆగు.
ఆఫీసులో ఎవరితోనూ నేనిలా మాట్లాడి ఎరగను.

మొదటివారం సెట్టింగుల ఫైల్లో ఒక్క చుక్క తప్పు పెట్టాను.
లేవనంది.
ఎందుకో చెప్పింది గానీ నూట నలభై వరసల్లో చెప్పింది.
అసలు మాట నూట ముప్ఫై ఎనిమిదో వరసలో ఉంది,
మా పెద్దత్త ఫోన్ చేసి అప్పు అడిగినట్టు.

ఆటవాళ్ళకోసం రౌటర్లో ఒక తలుపు, అంకె వేసి.
తెలిసిన పేర్లు పదకొండు. ఆ పదకొండుకే తెరుచుకుంటుంది.
ఆఫీసు నుంచి చూసుకోడానికి నాకో దొడ్డితలుపు.
దాన్ని రాత్రంతా ఎవరెవరో తడుతూనే ఉంటారు
రూట్, అడ్మిన్, టెస్ట్ అని దొంగపేర్లు చెప్పి.
పొద్దున్నే లాగ్ చూస్తాను:
మూడువేల నూట ఆరుసార్లు తట్టారు. ఎవరూ లోపలికి రాలేదు.
కాఫీ కలుపుకుంటాను.

ఆండాళ్ మామి అద్దెకొచ్చి అడిగింది,
"ఎన్నమ్మా అదు, రాత్రంతా మినుకు మినుకుమని?"
సర్వర్ అన్నాను.
"హోటల్లో ఉంటాడే, ఆ సర్వరా?"
కాదనబోయి ఆగాను.

వడ్డించడమే కదా.
సెకనుకి ఇరవైసార్లు పంక్తి చివరిదాకా వెళ్ళి
ఎవరి విస్తట్లో ఏముందో చూసి రావడం.
గుణశీలన్ రాయి తవ్వాడు, అందరికీ చూపించు.
షమీమ్ గొర్రెని తోలింది, అందరికీ చూపించు.
బాగా జరిగితే ఎవరూ ఏమీ అనరు.
ఒక్క వాయి తప్పితే లోకం తడబడుతుంది,
అప్పుడు మాత్రం పదకొండు నోళ్ళు.

కడపంక్తిలో ఒకడుండేవాడు, ఓబులేసు.
గుమ్మిడిపూండి దాటాక లారీలు తూకం వేసే చోట రాత్రి డ్యూటీ,
ఫోన్ సిగ్నల్ మీద వేలాడే ల్యాప్‌టాప్.
పింగ్ ఎనిమిది వందలు.
వాడు గది దాటి వెళ్ళిపోయాక తలుపు తెరుచుకునేది.
వాడు నవ్వేసరికి మేం వేరే మాటలో ఉండేవాళ్ళం.
"వాణ్ణి తీసెయ్యక్కా, అందరికీ అడ్డం."
కిక్, ఖాళీ, పేరు. అంతే పని.
ఒకసారి 'కిక్' దాకా కొట్టాను కూడా.
చెరిపేసి, ఎదురుచూసే గడువు
ముప్ఫై సెకన్ల నుంచి తొంభైకి పెంచాను.
వడ్డించేదాన్ని నేనే కదా.

డిసెంబరు.
వీధిలో నీళ్ళు స్కూటర్ సీట్లు ఎక్కాయి, కరెంటు తీసేశారు.
యూపీఎస్ కూత మొదలెట్టింది. ఉన్నది పన్నెండు నిమిషాలు.
అందరికీ కనబడేట్టు రాశాను:
"ఐదు నిమిషాల్లో ఆపేస్తున్నా. ఇళ్ళకి చేరండి."
లోపల మంచి ఎండగా ఉంది.
ఒక్కొక్కరే వెళ్ళారు, జాగ్రత్తక్కా అని కొందరు, ఏమీ అనక కొందరు.
ఓబులేసు మిగిలాడు, వంతెన మధ్యలో, ఒక కాలు గాల్లో.
నా మాట వాడికి చేరలేదో
చేరి, జవాబు ఏ తడ దగ్గరో తడుస్తూ ఉందో.

దాచు, అన్నాను. దాచింది.
ఇక ఆగు అనాలి.
కూత దగ్గర దగ్గరగా పడుతోంది.
కాస్త ఆగి,
ఆగు అన్నాను.

నాలుగోరోజు కరెంటు వచ్చింది.
లాగ్ తిప్పితే, ఆపడానికి సెకను ముందు, వాడి పేరు పక్కన:
"అక్కా మీ ఇంట్లోకి నీళ్ళొచ్చాయా"
ప్రశ్నార్థకం పెట్టే తీరిక కూడా లేనట్టుంది.

మొదలెట్టు, అన్నాను.
తనలో తాను ఏవో చదువుకుని, సిద్ధం అంది.
పంక్తిలో ఎవరూ లేరు.
అయినా రాశాను: "లేదు. మెట్లదాకానే."

దొడ్డితలుపు దగ్గర అప్పుడే వచ్చేశారు,
రూట్, అడ్మిన్, టెస్ట్.